పొగను పట్టే పీచు

ఖమ్మం జిల్లాలో ఆఖరి పత్తి ఏరేశాక చేలో కట్టె మిగులుతుంది. హెక్టారుకు రమారమి 3 టన్నులు. దాన్ని ఎంత తొందరగా పీకేస్తే అంత మంచిదని వ్యవసాయాధికారులు చెబుతుంటారు. గులాబీ రంగు పురుగు ఆ కట్టెకు వేలాడే ఎండుకాయల్లో దాగి వచ్చే పంట కోసం కాచుకుని ఉంటుంది మరి. రైతు అందులో కొంత మోపులు కట్టి పొయ్యిలోకి తెచ్చుకుంటాడు, కొంత రోటోవేటర్‌తో దున్నించేస్తాడు. కూలి, డీజిల్ లెక్క చూసుకుని మిగిలింది కుప్ప పోసి అగ్గిపుల్ల గీస్తాడు. మిరప కట్టెదీ ఇదే దారి. అశ్వారావుపేట, దమ్మపేట వైపు వెళితే పామాయిల్ మిల్లుల దగ్గర ఇంకో రకం మిగులు కనిపిస్తుంది. పండ్లు రాలగొట్టాక ఉండిపోయే ఖాళీ గెలలవి. మిల్లుకొచ్చిన సరుకు బరువులో ఐదో వంతు వీటిదే. సగానికి పైగా నీరు కాబట్టి బాయిలర్‌లో సరిగ్గా మండవు. వాటిని తోటల్లో చెట్ల మొదళ్లకు పరుస్తారు.

ఈ మిగులంతటిలోనూ ప్రధానంగా మూడు పదార్థాలుంటాయి. పీచుకు బలమిచ్చే సెల్యులోజ్, పీచుల్ని ఒకదానికొకటి అతికించే లిగ్నిన్, ఈ రెంటి మధ్యన ఉండే హెమిసెల్యులోజ్. పత్తికట్టెలో సెల్యులోజ్ దాదాపు 40 శాతం. కాలిస్తే ఇదంతా పొగ, బూడిద. ఆ పొగలోని రేణువుల్లో ఎక్కువ భాగం మైక్రాన్‌లో పదో వంతుకూ సగానికీ మధ్య ఉంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన వెంట్రుక మందం 70 మైక్రాన్ల చిల్లర. గాలిని వడకట్టే ఏ సాధనానికైనా చేతికి చిక్కని సైజు సరిగ్గా అదే. కాల్చకుండా అదే కట్టెను పీచుగా విడదీసి, ఆ పీచును తగినంత సన్నగా చేస్తే ఆ రేణువులనే పట్టే వల తయారవుతుంది. తగినంత సన్నగా చేయడంలోనే ఉంది చిక్కంతా.

నాలుగు రకాల ధూళి

ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారిలో మనిషి ముక్కులోకి పోయేవన్నీ ఒకే జాతి ధూళి కావు. ఖమ్మం మార్కెట్ యార్డుకు తేజ మిర్చి వచ్చే రోజుల్లో హమాలీలు ముక్కుకు టవల్ చుట్టుకుని బస్తాలు మోస్తారు. ఆ గాలిలో ఎగిరేది ఎండు తొక్కల పొడి. దానికి కాప్సైసిన్ అనే ఘాటు పదార్థం అంటుకుని ఉంటుంది. పొడి ముతకది, చాలా మటుకు పది మైక్రాన్లకు పైనే. అందుకే మడత వేసిన టవల్ కూడా కొంత పని చేస్తుంది. ఖమ్మం చుట్టూ ఉన్న గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలో మాత్రం టవల్‌ను నమ్ముకుంటే ప్రమాదం. రాతి పొడిలో 4 మైక్రాన్లకు దిగువన ఉన్న సిలికా నలుసులు ఊపిరితిత్తుల అట్టడుగుకు చేరి అక్కడే ఉండిపోతాయి. అలా వచ్చే సిలికోసిస్ జబ్బుకు మందు లేదు.

కొత్తగూడెం దాటి పాల్వంచ చేరితే థర్మల్ కేంద్రం. 1960లలో మొదలైన పాత స్టేషన్లను మూసేశారు. వాటి ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టు 5న కూల్చివేశారు. కొత్త యూనిట్లు నడుస్తున్నాయి. ఇంకొంచెం పైకి, మణుగూరు దగ్గర 1,080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రం ఉంది. వీటి పొగగొట్టాలకు ముందు విద్యుత్ క్షేత్రంతో బూడిదను లాగేసే భారీ యంత్రాలుంటాయి. అక్కడ మొక్కల పీచుకు పనే లేదు. ఆ వేడికి పీచు మాడిపోతుంది. నాలుగోది అడవి అంచు గూడేల్లో కట్టెల పొయ్యి పొగ. కొలిస్తే నాలుగింటిలోనూ అతి సన్నని రేణువులు ఈ పొగవే. రోజూ వాటికి అతి దగ్గరగా కూర్చునేది వంట చేసే ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో పిల్లలు.

ఊరి గాలిలో 2.5 మైక్రాన్లకు మించని సన్న ధూళి దేనిదైనా పీఎం 2.5 అనే ఒక్క అంకెతోనే కొలుస్తున్నాం. ఏడాది సగటున ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన ప్రమాణాన్ని 5కు దించింది. అంకె ఊరి గాలి ఎలా ఉందో చెబుతుంది గానీ ఏ ధూళికి ఏ వడపోత కావాలో చెప్పదు. దానికి ఫిల్టర్ లోపల ఏం జరుగుతుందో చూడాలి.

వడపోత అనగానే మనకు జల్లెడ మెదులుతుంది. కన్నం కన్నా పెద్దది ఆగుతుంది, చిన్నది జారిపోతుంది. గాలి ఫిల్టర్ అలా పనిచేయదు. దాని కన్నాలు అది పట్టే రేణువుల కన్నా ఎన్నో రెట్లు పెద్దవి. గాలి పీచును చుట్టుకుని వంపు తిరిగి పోతుంది. బరువైన రేణువు ఆ వంపు తిరగలేక తిన్నగా వెళ్లి పీచుకు గుద్దుకుంటుంది. ఒక మోస్తరు రేణువు గాలితో పాటే తిరిగినా పక్కనుంచి పోతూ ఒరుసుకుని అంటుకుంటుంది. మరీ చిన్న రేణువును గాలి అణువులే అటూ ఇటూ తోస్తుంటాయి. అది తూలుతూ తూలుతూ ఎక్కడో ఒక పీచు మీద పడుతుంది. ఒకసారి తగిలాక వదిలేది లేదు. ఆ సైజులో అణువుల మధ్య ఆకర్షణే పట్టి ఉంచుతుంది.

అంటే పెద్దవీ చిక్కుతాయి, మరీ చిన్నవీ చిక్కుతాయి. మధ్యలో 0.3 మైక్రాన్ దగ్గర ఒక సందు. అక్కడి రేణువుకు తిన్నగా దూసుకుపోయేంత బరువూ లేదు, తూలిపడేంత తేలికా కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గ్యాస్ మాస్కుల కోసం ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ లెక్కగట్టి తేల్చిన సంగతి ఇది. అప్పటి నుంచి 0.3 మైక్రాన్ రేణువుతోనే ఫిల్టర్లకు పరీక్ష పెడుతున్నారు. హెపా అనే పేరు రావాలంటే ఆ సైజులో 99.97 శాతం ఆపాలి.

ఆ సందును పూడ్చడానికి రెండు మార్గాలున్నాయి. పీచుకు విద్యుదావేశం ఇచ్చి రేణువులను లాక్కోవడం ఒకటి. ఎన్95 మాస్కులోని పాలీప్రొపిలీన్ పొర చేసేది అదే. పీచునే బాగా సన్నం చేయడం రెండోది. సన్నం చేస్తే అంతే బరువు పదార్థంతో ఎన్నో రెట్లు ఎక్కువ పొడవు పీచు వస్తుంది, తగిలే చోట్లు పెరుగుతాయి. దీనికి తోడు ఇంకో లాభం ఉంది. గాలి అణువు మరో అణువును ఢీకొనే లోపు ప్రయాణించే సగటు దూరం 0.07 మైక్రాన్. పీచు మందం ఆ స్థాయికి దగ్గరవుతుంటే గాలి దాని ఉపరితలాన్ని పట్టుకోకుండా జారిపోతుంది. వడపోత పెరుగుతున్నా ఊపిరికి అడ్డు అంతగా పెరగదు. ఫిల్టర్ల శాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన అంశం ఇదే. రెండు ప్రయోజనాలు ఒకదాన్నొకటి తినేయకుండా కలిసి రావడం ఇంజనీరింగులో అరుదు.

సారపాకకు తెలిసిన విద్య

భద్రాచలం వంతెనకు ఇవతల, బూర్గంపాడు మండలం సారపాకలో 1979 నుంచి అట్టల మిల్లు నడుస్తోంది. భద్రాచలం పేపర్‌బోర్డ్స్‌గా మొదలై ఇప్పుడు ఐటీసీలో భాగమైంది. మొదట్లో అడవి వెదురు, కలప మీద ఆధారపడ్డ ఈ మిల్లు తర్వాత రైతుల పొలాల్లోని జామాయిల్, సుబాబుల్ వైపు మళ్లింది. ఎక్కువ దిగుబడినిచ్చే చెట్టును ఎంచి, దాని కొమ్మల నుంచి అచ్చం అలాంటి మొక్కలనే వేల సంఖ్యలో పెంచే క్లోన్ పద్ధతిని దేశంలో రైతుల దాకా తెచ్చింది ఇక్కడి నుంచే. చెట్టు నుంచి పీచును విడదీసే విద్యలో ఈ ప్రాంతం ఎవరికీ తీసిపోదు.

కలప ముక్కలను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన ద్రావణంలో 160 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికిస్తే లిగ్నిన్ కరిగి నల్లటి ద్రవంగా బయటికొస్తుంది. సెల్యులోజ్ పీచు మిగులుతుంది. ఆ నల్లద్రవాన్ని పారబోయకుండా బాయిలర్‌లో మండించి ఆవిరి తీస్తారు, రసాయనాలను తిరిగి రాబట్టుకుంటారు. పెద్ద మిల్లుకే సాధ్యమయ్యే ఏర్పాటు ఇది. పత్తికట్టెను ఊరూరా చిన్న యూనిట్లలో ఉడికించి ఫిల్టర్లు చేద్దామనే ఆలోచన వినడానికి బాగుంటుంది గానీ, ఈ ఏర్పాటు లేని యూనిట్ గాలిని బాగుచేస్తానంటూ కిన్నెరసాని నీళ్లను చెడగొడుతుంది. మొక్కల వ్యర్థాల నుంచి ఫిల్టర్ అనే ప్రతి ప్రతిపాదననూ ముందుగా అడగాల్సింది ఆ నల్లద్రవం ఎక్కడికి పోతుందని.

సరే, పీచు వచ్చింది. జామాయిల్ పీచు వెడల్పు 15 నుంచి 20 మైక్రాన్లు. ఎన్95 పొరలోని పీచు ఒకటి నుంచి ఐదు మైక్రాన్లే. అందుకే మామూలు గుజ్జు కాగితం కారు ఇంజిన్‌కు సరిపోతుంది, మనిషి ఊపిరికి సరిపోదు. మన బైకుల్లో, కార్లలో మడతలు మడతలుగా కనిపించే ఎయిర్ ఫిల్టర్ చాలా మటుకు చెట్టు కాగితమే. దానికి గట్టిదనం కోసం ఫినోలిక్ రెసిన్ పట్టిస్తారు. పట్టించిన క్షణం నుంచి అది మట్టిలో కలిసే గుణం పోగొట్టుకుంటుంది.

ఇక్కడ అట్టకూ ఫిల్టర్‌కూ మధ్య ఒక మౌలికమైన వైరం ఉంది. తడి గుజ్జు ఆరుతున్నప్పుడు నీటి తలతన్యత పీచులను దగ్గరకు లాగుతుంది. అవి హైడ్రోజన్ బంధాలతో అతుక్కుంటాయి. కాగితం కాగితం అయ్యేది అందువల్లే. సారపాక మిల్లు నైపుణ్యమంతా ఆ దగ్గరితనాన్ని పెంచడంలో ఉంది. ఫిల్టర్‌కు సరిగ్గా దీనికి వ్యతిరేకం కావాలి. పీచులు ఎడంగా, గుండ్రంగా, ఖాళీలు మిగిల్చి నిలవాలి. ముతక పీచుకు ఉపాయం పాతదే. చిక్కటి కాస్టిక్‌లో నానబెడితే పీచు ఉబ్బి మెలి తిరుగుతుంది, ఆరాక కూడా బిగుసుకోదు. పీచును ఇంకా చీల్చి నానో సెల్యులోజ్ చేస్తే సమస్య పెద్దదవుతుంది. ముంబయిలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ 2015లో పత్తి నుంచి నానో సెల్యులోజ్ తీసే పైలట్ ప్లాంటు పెట్టింది. అంత సన్నని పీచు నీళ్లలో ఉన్నంతసేపు విడివిడిగా తేలుతుంది. మామూలుగా ఆరబెడితే గాలి చొరని పలుచని పొరగా బిగుసుకుంటుంది. గడ్డకట్టించి, మంచును ద్రవం కానీయకుండా నేరుగా ఆవిరిగా లాగేస్తేనే ఖాళీలు దక్కుతాయి. ఆ పద్ధతికి కరెంటు బాగా ఖర్చు. చవకైన వ్యర్థం ఖరీదైన ఫిల్టర్‌గా మారేది ఈ ఆరబెట్టే దశలోనే.

మొక్కల పీచుతో ఉన్నతస్థాయి ఫిల్టర్ కొత్త ఆలోచన అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఫిల్టర్లు మొదలైందే అక్కడ. అమెరికా అణుబాంబు కర్మాగారాల కోసం వాడిన తొలి హెపా కాగితంలో ఆఫ్రికా ఎస్పార్టో గడ్డి గుజ్జు ఉండేది. సన్నదనం కోసం అందులో నీలి ఆస్బెస్టాస్ కలిపేవారు. ఊపిరిని కాపాడే కాగితంలో ఊపిరితిత్తులను తినేసే రాతి నార! 1950లలో ఆ స్థానంలోకి గాజు నార వచ్చింది. రష్యా వాళ్లు ఇంకా ముందే వేరే బాట పట్టారు. 1938లో రోజెన్‌బ్లూమ్, పెత్రియానోవ్ అనే శాస్త్రవేత్తలు సెల్యులోజ్ అసిటేట్ ద్రావణాన్ని బలమైన విద్యుత్ క్షేత్రంలోకి వదిలి మైక్రాన్ స్థాయి దారాలు తీశారు. మరుసటి ఏడాదే ట్వేర్ నగరంలో గ్యాస్ మాస్కుల కోసం ఫ్యాక్టరీ లేచింది. ఈ పద్ధతినే ఇవాళ ఎలక్ట్రోస్పిన్నింగ్ అంటున్నారు. సూది కొన వద్ద ద్రావణపు బొట్టుకు వేల వోల్టుల విద్యుత్తు ఇస్తే బొట్టు సాగి, దారమై, గాల్లో కొరడాలా ఊగుతూ సన్నబడి, ద్రావకం ఆవిరైపోయి పలక మీద వలలా పడుతుంది. తలతన్యత పీచులను దగ్గరకు లాగే తగాదా ఉండదు. దారం పలకను చేరేసరికే చాలావరకు ఆరిపోయి ఉంటుంది.

తపసి బంక

ఈ కథలో అడవి అంచుకు చోటు దొరికేది ఇక్కడ. భద్రాచలం ఏజెన్సీలో కోయలు, కొండరెడ్లు వేసవిలో తపసి చెట్టు నుంచి బంక తీస్తారు. కొండగోగు చెట్టు నుంచి ఇంకో బంక వస్తుంది. గిరిజన సహకార సంస్థ వాళ్ల దగ్గర కొని అమ్ముతుంది. తపసి బంక విదేశాలకు పోయి ఆహార పదార్థాల్లో, కట్టుడు పళ్లను నిలిపే పొడుల్లో కలుస్తుంది. కొండగోగు బంకను చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం బయోకెమిస్ట్రీ విభాగంలో ఆర్.బి. శశిధర్, వి.టి.పి. వినోద్ తదితరులు దాని నిర్మాణాన్ని, గుణాలను విశ్లేషించి 2008లో ప్రచురించారు. నీటిలోని విషలోహాలను ఆ బంక పట్టేస్తుందని తర్వాత చూపించారు. హైదరాబాద్‌లోనే అరుణజ్యోతి కోరా, శశిధర్ బృందం 2010లో ఆ బంకతో వెండి నానో కణాలు తయారుచేసింది. అవి బాక్టీరియాను చంపుతాయి.

వినోద్ అక్కడి నుంచి చెక్ దేశంలోని లిబెరెట్స్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి వెళ్లారు. మిరోస్లావ్ చెర్నిక్‌తో కలిసి అక్కడ ఈ బంకలను ఎలక్ట్రోస్పిన్నింగ్ యంత్రానికెక్కించారు. బంక ఒక్కదానితో దారం రాదు. దాని అణువు కొమ్మలు కొమ్మలుగా ఉంటుంది, ద్రావణం మరీ చిక్కన. నీళ్లలో కరిగే పాలీవినైల్ ఆల్కహాల్ లాంటి పాలిమర్ కలిపితే సాగింది. తుమ్మ జాతి బంక, తపసి, కొండగోగు మూడింటి నుంచీ నానో దారాలు తీసిన ఫలితాలు 2016లో వచ్చాయి. ద్రావకం నీరే కావడం దీని గొప్ప. పెత్రియానోవ్ వాడిన డైక్లోరోఈథేన్ లాంటి విషద్రావకం అవసరం లేదు. నీళ్లలో కరిగేది నీళ్లు తగిలితే మళ్లీ కరిగిపోతుంది కాబట్టి ప్లాస్మాతో దాని ఉపరితలాన్ని నీటికి లొంగకుండా మార్చారు. ఆ వలతో నీటిలోని బంగారం, వెండి, రాగి ఆక్సైడ్ నానో కణాలను వడకట్టారు.

అది నీటి వడపోత. గాలి విషయంలో లెక్క సులువు కొంత, కష్టం కొంత. సులువెందుకంటే గాలిలో రేణువులను పట్టడానికి మైక్రాన్‌లో కొద్ది వంతు మందమున్న దారపు పలుచని పొర చాలు. దాన్ని మోయడానికి వెనక బలమైన ముతక కాగితం ఉంటే సరి. ఇది ఊహ కాదు. 1981 నుంచి డొనాల్డ్‌సన్ కంపెనీ సెల్యులోజ్ కాగితం మీద నానో దారాల పొర వేసిన ఫిల్టర్లను అమ్ముతోంది. దుమ్ము నేలల్లో తిరిగే భారీ యంత్రాలు వాటితో నడుస్తాయి. అంటే వెనక ముతక కాగితానికి పత్తికట్టె పీచు, ఖాళీ గెలల పీచు సరిపోతాయి. ముందు సన్న పొరకు బంక కావాలి. ఈ రెండూ కలిపిన నమూనాను వేసవి ఎండలోనూ, గోదావరికి వరదలొచ్చే నెలల్లోనూ పరీక్షించాలి. ప్రయోగశాల గదిలో ఒక్కసారి కొలిచి చూపిన 99 శాతాన్ని నేను నమ్మను.

కష్టమేమిటంటే తేమ. 65 శాతం తేమ ఉన్న గాలిలో పత్తి తన బరువులో 8 శాతం దాకా నీరు పట్టుకుంటుంది. పాలీప్రొపిలీన్ దాదాపు ఏమీ పట్టదు. ఎన్95 పొర ఏళ్ల తరబడి విద్యుదావేశాన్ని నిలుపుకునేది అందుకే. మొక్కల పీచు మీద ఆవేశం నిలవదు, తేమ గుండా జారిపోతుంది. కాబట్టి అది కేవలం సన్నదనంతో గెలవాలి. ఇంకోటి, మట్టిలో కలిసే పదార్థం అంటే శిలీంధ్రాలు తినగలిగే పదార్థం. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడి గాలిలో తడిసిన ఫిల్టర్ మీద బూజు పడితే అదే గాలిని చెడగొడుతుంది. బెంగళూరు ఐఐఎస్‌సీ పరిశోధకులు గ్రీన్ టీలోని పాలీఫినాల్స్ పూసి సూక్ష్మజీవులను చంపే ఫిల్టర్ చేసి చూపారు. కొండగోగు బంకతో చేసిన వెండి కణాలు ఆ పనికి రావచ్చు. ఎన్ని నెలలు చెడకుండా ఉండాలి, ఎన్ని నెలల్లో మట్టి కావాలి అనే రెండు గడువులను ఒకే పదార్థంలో ఇమడ్చడం ఈ రంగంలో ఇప్పటికీ తెగని ముడి.

వాడేసిన ఫిల్టర్‌ను కంపోస్టులో వేయొచ్చనే ప్రచారానికి కూడా కొంచెం ఆగాలి. బొగ్గు రవాణా దారిలోని బడికి పెట్టిన ఫిల్టర్‌లో చిక్కేది మసి, బూడిద, వాటితో పాటు లోహాలు. పీచు మంచిదైనంత మాత్రాన దానికి పట్టింది మంచిది కాదు. పొగగొట్టానికి శుద్ధి యంత్రాలున్న బాయిలర్‌లో కాల్చడం దానికి తగిన అంత్యక్రియ. మిర్చి యార్డు ఫిల్టర్‌నైతే నిక్షేపంగా ఎరువు గుంటలో వేసుకోవచ్చు.

ఇక వాసనలు, వాయువులు. వాటిని ఏ పీచూ ఆపదు, ఉత్తేజిత బొగ్గు కావాలి. పామాయిల్ టెంకలను, కొబ్బరి చిప్పలను గాలి తగలకుండా కాల్చి, 800, 900 డిగ్రీల దగ్గర ఆవిరి పట్టిస్తే అది తయారవుతుంది. గ్రాము బొగ్గులో వెయ్యి చదరపు మీటర్ల లోపలి ఉపరితలం తెరుచుకుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రజలు గ్యాస్ మాస్కుల బొగ్గు కోసం పీచ్ పండ్ల టెంకలు పోగుచేసి ఇచ్చారు. అశ్వారావుపేట టెంకలు ఇప్పుడు మిల్లు బాయిలర్‌కే పోతున్నాయి.

ఈ ఫిల్టర్ ఎవరికి కావాలంటే, నా లెక్కలో ముందు వరుస గ్రానైట్ కార్మికులది, ఆ తర్వాత యార్డు హమాలీలది. గూడెంలో పొయ్యి పొగకు ఇది జవాబు కాదు. గోడల సందుల్లోంచి గాలి ఆడే గుడిసెలో ఫిల్టర్ యంత్రం పెడితే నాలుగు రోజుల్లో మసిపట్టి మూసుకుపోతుంది. దాన్ని తిప్పే కరెంటు కన్నా గ్యాస్ సిలిండర్ మేలు, అది అందకపోతే పొగగొట్టం ఉన్న పొయ్యి మేలు.

బంక సంగతిలో ఒక భయం కూడా ఉంది. గిరాకీ పెరిగినప్పుడల్లా తపసి చెట్టును లోతుగా, అడ్డదిడ్డంగా గాటుపెట్టి చంపేసిన అనుభవం ఈ అడవులకు ఉంది. విశాఖపట్నంలోని కోవెల్ ఫౌండేషన్ 1990ల నుంచి చెట్టు బతికేలా చిన్న గాటు పెట్టే పద్ధతిని గిరిజనులకు నేర్పుతూ వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు వాళ్లదే. జీవవైవిధ్య చట్టం ప్రకారం వాటితో వ్యాపారం చేసేవాళ్లు లాభంలో వాటా ఇవ్వాలి. ఫిల్టర్ కంపెనీ వస్తే ఈ రెండు చట్టాలూ మొదటి రోజే బల్ల మీద ఉండాలి.

అయితే బంకలోనూ వ్యర్థం ఉంది. కొనేటప్పుడు దాన్ని రంగును బట్టి, అందులోని బెరడు ముక్కలను బట్టి రకాలుగా విడదీస్తారు. తెల్లగా మెరిసేదానికి మంచి ధర. ఎర్రబడి, నల్లబడి బెరడు కలిసినదానికి ధర బాగా తక్కువ. తినే వస్తువులో కలపాలంటే తెల్లదనం కావాలి గానీ నానో దారానికి ఆ పట్టింపు లేదు. తపసి బంక నీళ్లలో ఉబ్బుతుందే తప్ప పూర్తిగా కరగదు. కొద్దిగా క్షారం కలిపితే దానిలోని అసిటైల్ గుంపులు ఊడిపోయి కరుగుతుంది. బెరడు ముక్కలు వడకట్టేస్తే పోతాయి. ఆ ద్రావణం రంగు తేలినా సూది కొన దగ్గర సాగాలి. మొదట పరీక్షించాల్సింది ఆ ఆఖరి రకం బంకనే. అది సాగితే తపసి చెట్టుకు కొత్తగా ఒక్క గాటు కూడా పెట్టనక్కర్లేదు.